ముందు ఆట, తర్వాతే చందా

ఏప్రిల్ 2 దగ్గరపడుతోందంటే మా వాట్సాప్ గ్రూపంతా నీలం రంగు పులుముకుంటుంది. నీలం టీషర్టులు ఎన్ని కావాలి, బెలూన్లు ఎవరు తెస్తారు, బ్యానర్ మీద ఎవరి ఫొటో ముందుండాలి, అన్నీ అక్కడే తేలతాయి. అది ప్రపంచ ఆటిజం అవగాహన దినం, ఆ రోజుకి గుర్తుగా నీలం వాడతారు. ఆటిజం అంటే మాట, నలుగురితో మెలిగే తీరు, శబ్దానికీ స్పర్శకీ స్పందించే తీరు వేరుగా ఉండే ఎదుగుదల తేడా. ఖతార్ ప్రతిపాదిస్తే 2007 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది, 2008 నుంచి ఏటా జరుపుతున్నారు. ఆ రోజు మీద నాకేం కోపం లేదు. మా బాబుకి ఆటిజం అని డాక్టరు చెప్పిన కొత్తల్లో, ఆ సందర్భంగా పేపర్లో పడిన ఒక వ్యాసం కత్తిరించి మా అత్తగారి చేతిలో పెట్టాను. నేను నోరు విప్పి చెప్పలేకపోయింది అది చెప్పింది. నా పేచీ అంతా ఆ రోజు మనం చేసే పనులతోనే.

ఒక ఏడాది మా ఊళ్ళో ర్యాలీ తీశారు. ముందు డీజే బండి, వెనక పిల్లలు. పెద్ద శబ్దం వింటే అల్లాడిపోయే పిల్లల కోసం తీసిన ఊరేగింపుకి డీజే! మా బాబుతో సహా చాలామంది పిల్లలు చెవులు మూసుకుని, మొదటి సెంటర్ దాటకముందే ఆటోలెక్కి ఇళ్ళకి వెళ్ళిపోయారు. ర్యాలీ దిగ్విజయంగా ముగిసిందని మర్నాడు పేపర్లో వచ్చింది. చేసినవాళ్ళు మంచివాళ్ళే, సొంత జేబులోంచి ఖర్చు పెట్టారు కూడా. వాళ్ళకి ఆటిజం అనే మాట తెలుసు. ఆటిజం ఉన్న పిల్లాడితో ఓ పూట గడిపిన అనుభవం లేదు. అవగాహన పేరుతో మనం ఊరంతా పంచుతున్నది ఎక్కువగా ఆ మాటనే.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. ఆటిజం గురించి ఊరికి తెలియాలంటే పిల్లలందరూ కలిసి ఆడే ఆటలు పెట్టండి. ఆ ఆటలో మన పిల్లాడికి నిజంగా ఓ పని ఉండాలి. చందా డబ్బా ఆ తర్వాత తియ్యండి. ముందే తీస్తే డబ్బు రావచ్చు, కానీ ఇచ్చినవాళ్ళకి మన పిల్లాడు 'పాపం' అనే మాటతోనే గుర్తుండిపోతాడు.

మాది రాజమండ్రి. ఏటా సంక్రాంతి సెలవుల్లో మా కాలనీ పార్కులో ఒక రోజు ఆటలు పెడతాం. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ కలిసి చేసే పని ఇది. మా ఆయన లెక్కలు చూస్తాడు, తమ్ముడు ముగ్గుతో కోర్టులు గీస్తాడు, పులిహోర అత్తగారి బాధ్యత. వీటన్నిటి వెనకా ఉన్న బుర్ర మాత్రం మా నాన్నది. ఆయన జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా చేసి రిటైరయ్యారు. తెలిసినవాళ్ళకి ఇప్పటికీ డ్రిల్లు మాస్టారే. ఆటిజం గురించి ఆయన ఒక్క పుస్తకం చదవలేదు. మనవడు తెలుసు, ఆటలు తెలుసు, అంతే. "ఆటల రూల్సేమన్నా వేదాలటే అమ్మాయ్? మార్చుకుంటే పోలా!" అన్నారు.

మొదట పోయింది విజిల్. సర్వీసంతా మెడలో వేలాడిన విజిల్ తీసి ఆయన బీరువాలో పడేస్తే మా అమ్మే నమ్మలేదు. దాని బదులు ఒక ఎర్ర గుడ్డ, ఒక పచ్చ గుడ్డ. మైకు లేదు. తర్వాత పోయింది మ్యూజికల్ చైర్స్. మా కాలనీ ఆడవాళ్ళకి అదంటే ప్రాణం, అందుకని కాస్త గొడవే అయింది. కానీ ఆలోచించండి. పాట ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆగగానే అందరూ ఒక్కసారిగా పరిగెడతారు, తోసుకుంటారు, కుర్చీ దొరకనివాడు బయటికి. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే గానీ స్థిమితంగా ఉండలేని పిల్లాడిని ఇబ్బంది పెట్టేవన్నీ ఆ ఒక్క ఆటలోనే ఉన్నాయి. చివరికి రాజీ కుదిరింది: పిల్లలు ఇళ్ళకి వెళ్ళాక, సాయంత్రం, ఆడవాళ్ళకి మాత్రం.

ఏడు పెంకులాట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బంతితో పెంకుల దొంతర పడగొట్టాలి, అవతలి జట్టు బంతితో కొట్టేలోపు మళ్ళీ పేర్చాలి. నాన్న రబ్బరు బంతి తీసేసి గుడ్డ బంతి కుట్టించారు. పేర్చేవాడిని కొట్టకూడదు, వాడికి కాపలా కాసేవాళ్ళని కొట్టొచ్చు అని రూలు పెట్టారు. మా బాబుకి చిన్నప్పటి నుంచీ వస్తువులు వరసగా పెట్టడం, ఒకదాని మీద ఒకటి పేర్చడం తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. బొమ్మకార్లు, సీసా మూతలు, చెంచాలు, ఏవైనా సరే. డాక్టరు గదిలో అది ఫారం మీద లక్షణాల్లో ఒకటిగా పడింది. పార్కులో అదే పని వాడిని జట్టుకి అందరికంటే కావలసినవాడిని చేసింది. చుట్టూ పిల్లలు పరుగులు పెడుతుంటారు. వాడు చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తల కూడా ఎత్తడు, పెంకులు టకటకా ఎక్కిపోతాయి. మొదటి ఏడాది వీడిని మీ జట్టులో వేసుకోండ్రా అని బతిమాలాం. మరుసటి ఏడాది వాడి కోసం రెండు జట్లు కొట్టుకున్నాయి. వెనకవీధి కుర్రాడొకడు "మాస్టారూ, పోయినసారి వాళ్ళకిచ్చారు, ఈసారి మాకివ్వాల్సిందే" అని నాన్నతో తగాదా పెట్టుకున్నాడు. ఎన్ని ర్యాలీలు తీస్తే అలాంటి తగాదా పుడుతుంది?

తాడు లాగుడు కూడా అలాంటిదే. బరువులు లాగడం, నెట్టడం, మొయ్యడం లాంటి పనులు కండరాలకీ కీళ్ళకీ ఒత్తిడి ఇచ్చి కొందరు పిల్లలని కుదుటపరుస్తాయని ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ)లో చేయిస్తుంటారు. మేం సెషన్‌కింత అని కట్టి చేయించిన పని అది. తాడైతే ఒక్కసారి కొంటే చాలు. అరుగు మీద పెద్దావిడలు వామనగుంటలు పట్టారు. చింతగింజలు గుంటకొకటి వెయ్యాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి. 'నీ వంతు, నా వంతు' నేర్పడానికి థెరపీలో ఎంత తంటాలు పడతామో ఈ పిల్లల తల్లులకి తెలుసు. ఎదురింటి మామ్మగారికి అదంతా తెలియదు. ఈ పిల్లాడు ఎక్కడ గింజలు కాజేస్తాడోనని కనిపెట్టుకుని కూర్చున్నారు, అంతే. వాడితో ఆవిడ ఆడినంత సేపు నేనెప్పుడూ ఆడలేకపోయాను.

పార్కు గేటు దగ్గర ఒక బోర్డు పెడతాం. ఏ ఆట తర్వాత ఏ ఆటో బొమ్మల్లో ఉంటుంది, అయిపోయిన ఆట బొమ్మ తీసేస్తుంటాం. ఆ వరస ఎవరొచ్చినా మారదు. అంటే ముఖ్య అతిథి కోసం ఆట ఆపడం ఉండదన్నమాట. మన సభల పద్ధతికి ఇది ఎంత విడ్డూరమో చెప్పక్కర్లేదు. ఆలస్యంగా వచ్చిన పెద్దమనుషులు పక్కన నిలబడి చూస్తారు. కొందరికి చిన్నతనంగా ఉంటుంది, కొందరు చొక్కా చేతులు మడిచి తాడు పట్టుకుంటారు. కమ్యూనిటీ హాల్లో ఒక గది లైటు తీసేసి, చాపలు పరిచి, ఎవరికైనా ఉక్కిరిబిక్కిరిగా ఉంటే వెళ్ళి కూర్చోమంటాం. దాన్ని మా పిల్లల కోసం పెట్టాం గానీ, ఎక్కువ వాడుకున్నది తలనొప్పి ఉన్న ఆడవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, కునుకు కావాల్సిన తాతలు.

పిల్లలు అడిగే ప్రశ్నలు కూడా ఆటలోనే వస్తాయి. "వీడు నేను పిలిస్తే నా వంక చూడడేంటి తాతా?" అని ఓ పిల్ల అడిగింది. "వినేది చెవులతో కదే, కళ్ళతోనా? చెప్పు, వింటాడు" అన్నారు నాన్న. ఆ పిల్ల చెప్పింది, వాడు పెంకు అందించాడు. కౌంటర్ మీద పెట్టి పంచే కరపత్రంలో ఇంతకంటే ఎక్కువ ఏం రాస్తాం?

కాగితాల వరకు చూస్తే మన దేశం మరీ వెనకబడి ఏం లేదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, అందులో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ (ఇలాంటివాళ్ళ సంక్షేమం చూసే కేంద్ర సంస్థ) చట్టం దాన్ని పేరు పెట్టి చేర్చుకుంది. 2016 చట్టం జాబితాని 21కి పెంచి ఆటిజానికి అందులో చోటిచ్చింది. ఆటిజం తీవ్రత కొలవడానికి మన దేశంలో వాడే 'ఇసా' స్కేలు తయారైంది సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థలో. అందులో 40 అంశాలుంటాయి, 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేనట్టు. ఇన్ని ఉన్నా, బస్సులో మా బాబు చేతులు ఊపుతూ ఒకే మాట పదేపదే అంటుంటే పక్క సీటులో ఆయనకి కనిపించేది నా పెంపకమే. 'రెండు తగిలిస్తే దారికొస్తాడు' అనే ఉచిత సలహా కూడా వస్తుంది. ఆటిజం ఉన్నవాళ్ళు వంద పైచిలుకు మందిలో ఒకరుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన ప్రతి కాలనీలోనూ, ప్రతి బడిలోనూ ఇలాంటి పిల్లలు ఉండాలి. ఉన్నారు, గేటు లోపల.

ఇక డబ్బు. థెరపీకి మా వైపు ఒక్కో సెషన్ ఐదారు వందల పైమాటే. స్పీచ్, ఓటీ, స్పెషల్ ఎడ్యుకేషన్ అని వారానికి నాలుగైదు సెషన్లు పడితే మామూలు జీతం మీద బతికే ఇంట్లో అద్దెతో పోటీ పడే ఖర్చు అది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి 6,000 రూపాయలైంది. తెలంగాణలో 4,016. మంచిదే, అయినా దానితో నెలకి పది సెషన్లు గడవడమే కష్టం. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చుల్లో కూడా కొంత అందులో వస్తుంది. ఆ పేరే వినని తల్లిదండ్రులు మాకు ఏటా తగులుతూనే ఉంటారు. అందుకని ఆటల పక్కన ఒక బల్ల వేస్తాం. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ ఎలా బుక్ చెయ్యాలి, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి ఏం కావాలి, నిరామయ ఫారం ఎలా నింపాలి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం మీ మండలంలో ఎక్కడుంది అని చెప్పడానికి ఇద్దరు కూర్చుంటారు. మా చందాలో అన్నిటికంటే తక్కువ ఖర్చు ఆ బల్లకే, జిరాక్సులూ టీలూ. కానీ ఒక్క ఫారం సరిగ్గా పడితే ఓ ఇంటికి నెలనెలా వచ్చేది మేం పంచే దానికంటే ఎక్కువ.

చందా అడగడంలో మా ఇంట్లో ఒక పట్టుదల ఉంది. ఫ్లెక్సీ మీద పిల్లాడి మొహం వెయ్యం, స్టేజీ మీద నిలబెట్టం. ఒకాయన పెద్ద మొత్తమే ఇస్తానన్నాడు, చెక్కు మా బాబు చేతిలో పెడుతూ ఫొటో దిగాలని షరతు. "చెక్కు నాకివ్వండి, ఫొటో తాడు లాగుతూ దిగండి" అన్నారు నాన్న. ఆయన నొచ్చుకున్నాడు, ఇవ్వలేదు. ఆ రాత్రి ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. ఆ డబ్బుతో ఇద్దరు పిల్లలకి నెలల తరబడి థెరపీ నడిచేదని మా ఆయన అన్నాడు. నిజమే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ మా బాబుకి పదేళ్ళు. ఇంకో పదేళ్ళకి వాడు ఇదే ఊళ్ళో తిరగాలి, వీలైతే ఏదో ఒక పని చెయ్యాలి. ఫ్లెక్సీ మీద చూసి జాలిపడినవాళ్ళు వాడి చేతిలో పది రూపాయలు పెడతారు గానీ పనిలో పెట్టుకోరు.

వచ్చిన డబ్బులో సగం పిల్లలకి, సగం పిల్లల చుట్టూ ఉన్నవాళ్ళకి. ఇది ఇంకా పెద్ద గొడవ, ఎందుకంటే మాలాంటి తల్లిదండ్రులే కొందరు ఒప్పుకోరు. మొత్తం థెరపీకే పోవాలంటారు. నేను వాళ్ళకి మంగలి షాపు సంగతి చెబుతాను. ఇలాంటి పిల్లలకి క్షవరం అంటే మెషిన్ మోత, మెడ మీద వెంట్రుకలు, అద్దంలో జనం. మా దగ్గర షాపాయన మంగళవారం సెలవు రోజున, ఎవరూ లేనప్పుడు, కత్తెరతో మాత్రమే, ఎంతసేపు పట్టినా సరే అని ఒప్పుకున్నాడు. ఆయన పూట కూలి చందాలోంచి ఇస్తాం. మంగళవారం క్షవరమేమిటని మా అత్తగారు వారం పాటు సణిగారు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏడవకుండా జుట్టు కత్తిరించుకుంటున్నారు. అంగన్‌వాడీ టీచర్లకీ స్కూలు ఆటోవాళ్ళకీ ఒక పూట భోజనం పెట్టి, పిల్లాడు ఉన్నట్టుండి కింద పడి దొర్లితే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పించడం కూడా ఈ సగంలోనే. థెరపీ గది నుంచి బయటికొచ్చిన పిల్లాడు రోజంతా ఉండేది వీళ్ళ మధ్యే కదా. లెక్కంతా పార్కు గేటుకి అంటిస్తాం, పులిహోరలో జీడిపప్పుతో సహా.

డబ్బూ జనమూ ఉన్నచోటికి వేరే వాళ్ళు కూడా వస్తారు. ఆటిజం పూర్తిగా నయం చేస్తామని ఒకరు స్టాలు అడిగారు, అద్దె బాగా ఇస్తామన్నారు. మూలకణాలు ఎక్కించే స్టెమ్ సెల్ చికిత్సట. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సని సిఫారసు చెయ్యడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. అయినా పొలం అమ్మి చేయించినవాళ్ళ కథలు వింటూనే ఉన్నాం. టీకాల వల్ల వచ్చిందనే మాట కూడా ఇంకా చావలేదు. ఆ మాట పుట్టించిన 1998 నాటి పరిశోధన పత్రాన్ని, దాన్ని అచ్చేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. మా ఆటల్లో నయం చేసేవాళ్ళకి స్టాలు లేదు.

కుటుంబమే పూనుకుని ఆటతో చందా పోగెయ్యడం మేం కనిపెట్టిందేం కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డగ్ ఫ్లూటీ, ఆయన భార్య ఆటిజం ఉన్న కొడుకు పేరు మీద 1998లో ఫౌండేషన్ పెట్టారు. ఆయన పేరుతో అమ్మిన కార్న్‌ఫ్లేక్స్ లాంటి తిండి ఒకటి దానికి డబ్బు తెచ్చింది. దక్షిణాఫ్రికా గోల్ఫర్ ఎర్నీ ఎల్స్ దంపతులు 2009లో అదే పని చేశారు. గోల్ఫ్ పోటీలతో నిధులు పోగేశారు, ఆటిజం ఉన్నవాళ్ళకి గోల్ఫ్ నేర్పే కార్యక్రమం కూడా నడుపుతున్నారు. నాకు నచ్చింది ఆ నేర్పడమే. మన దేశంలో జియా రాయ్ ఉంది, ముంబయిలో నేవీ ఉద్యోగి కూతురు. ఆటిజం ఉన్న ఆ అమ్మాయి 2021లో అవగాహన కోసమని అరేబియా సముద్రంలో 36 కిలోమీటర్లు ఈదింది, మరుసటి ఏడాది పాక్ జలసంధి ఈదింది. ఆ అమ్మాయిని చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ అలాంటి వార్త వచ్చినప్పుడల్లా చుట్టాలు ఫోన్ చేసి "మీవాడిలో ఏం టాలెంట్ ఉందో కనిపెట్టారా?" అని అడుగుతారు. టాలెంట్ ఏదీ లేకపోతే వాడికి పార్కులో ఆడుకునే హక్కు లేదా? మామూలు పిల్లలకి లేని పరీక్ష వీళ్ళకెందుకు? స్పెషల్ ఒలింపిక్స్ వాళ్ళు 'యూనిఫైడ్ స్పోర్ట్స్' అని ఒక పద్ధతి నడుపుతున్నారు. మేధో వైకల్యం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే జట్టులో ఆడతారు. మా నాన్న వరకు అది కొత్త సంగతేం కాదు, ఊళ్ళో ఆటలంటే అలాగే ఉండేవి అంటారు. అంత నిజమని నేననుకోను. ఆయన చిన్నప్పుడు అలాంటి పిల్లలని ఇంట్లో కట్టేసేవారని మా నాయనమ్మ చెప్పేది.

మా ఆటలు అందరికీ అందడం లేదు. మాటలు అసలు రాని, చెయ్యి కొరుక్కునే పెద్ద పిల్లాడు ఒకడు ఏటా వస్తాడు. ఏ ఆటా ఆడడు, చాప గదిలోనే ఉంటాడు. మా వాలంటీర్లు వాడి దగ్గర కూర్చుంటే వాళ్ళమ్మ కూర్చుని వేడివేడిగా అన్నం తింటుంది. ఆ తల్లికి మేం చెయ్యగలిగింది ఇప్పటికి అంతే. ఆడపిల్లలు మరీ తక్కువ వస్తారు. ఇంట్లో ఇలాంటి పిల్ల ఉందని తెలిస్తే అక్కకి సంబంధాలు రావని భయం. ఆ భయాన్ని ఏడు పెంకులతో కొట్టలేం. పెళ్ళిళ్ళ పేరయ్యలకి కూడా ఒక పూట భోజనం పెట్టాలేమో! ఇంకోమాట, ఇదంతా ప్రభుత్వం చెయ్యాల్సింది కదా, మీరెందుకు నెత్తినేసుకుంటారు అనేవాళ్ళున్నారు. థెరపీ ప్రభుత్వమే ఇవ్వాలి, బడిలో టీచరుని ప్రభుత్వమే పెట్టాలి, అందులో నాకు రెండో మాట లేదు. అర్జీలూ పెడుతూనే ఉన్నాం. పక్కింటి పిల్లల చేత మా వాడిని ఆటకి పిలిపించే జీవో మాత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.

ఈ సంక్రాంతికి కబడ్డీ పెడదామని నాన్న పట్టుబడుతున్నారు. నాకు భయం. ఎవరైనా ఉన్నట్టుండి ఒంటి మీద చెయ్యి వేస్తే మా బాబు తట్టుకోలేడు, కబడ్డీ అంటేనే పట్టు. నడుముకి రుమాలు కట్టి, మనిషిని పట్టకుండా రుమాలు లాగితే అవుట్ అని ఆయన రూలు. "కూతంటావా, పొద్దున్నించి రాత్రి దాకా ఒకే మాట ఆపకుండా అనగలిగినవాడు ఈ కాలనీలో నా మనవడు కాక ఇంకెవడున్నాడే?" అంటున్నారు. తమ్ముడు ఆయన పక్షం. ముందు మన డాబా మీద, మన ఇంటి పిల్లలతో ఆడించి చూద్దామన్నాను నేను. రుమాళ్ళ ఖర్చు చందా పుస్తకంలో రాయాలా, ఇంటి ఖర్చులో రాయాలా అని మా ఆయన అడుగుతున్నాడు.